బిజిలీ మేడం గారి పదోన్నతి

మెరకపాలెం పురపాలక సంఘంలో గుర్రానికి ఉద్యోగం ఇవ్వాలని మొదట ఎవరూ అనుకోలేదు. దానికి ఇంత దాణా పెడదామనుకున్నారు, అంతే.

ఆ గుర్రం పేరు బిజిలీ. ఆ మాటకు మెరుపని అర్థం గానీ, మెరుపుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. తెల్లటి ఆడగుర్రం, తడితడిగా పెద్ద కళ్ళు, ఏ పనికీ తొందరపడని స్వభావం. చాలాకాలం పెళ్ళి ఊరేగింపుల్లో వరుళ్ళను మోసింది. బాణసంచా మోతలూ బ్యాండుమేళాలూ విని విని, ఇక తనను ఉలిక్కిపడేలా చేసేది ఈ లోకంలో ఏదీ లేదని తేల్చుకుంది. పెళ్ళికొడుకులు జీపుల మోజులో పడ్డాక దాని యజమాని మస్తాన్‌వలి దాన్ని సముద్రపు ఒడ్డుకు తెచ్చి పిల్లల్ని ఎక్కించి తిప్పుతుండేవాడు. ఊరివాళ్ళకు ఒక వినోదం ఉండాలని పాలకవర్గం తీర్మానించి గుర్రాన్ని కొన్నది, మస్తాన్‌వలిని రోజుకూలీ మీద దాని సంరక్షకుడిగా పెట్టుకున్నది. ఆఫీసు వెనక పాత రేకుల షెడ్డుకు 'పురపాలక అశ్వవిహార కేంద్రం' అని బోర్డు కట్టారు.

ఆశ్చర్యమేమిటంటే ఆ కేంద్రం నిజంగానే నడిచింది. తెల్లారేసరికి జనం వరసలో ఉండేవారు. రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసే కోటేశ్వరమ్మ డ్యూటీకి పోతూ ఒక చుట్టు తిరిగేది. రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఏసుదాసు, "బతుకంతా సైకిలు తొక్కినా. ఇన్నాళ్ళకు నన్ను మోసేది ఒకటి దొరికింది" అంటూ ఇసకలో రెండు చుట్లు తిరిగి, దిగి, గుర్రానికి నమస్కారం పెట్టి వెళ్ళేవాడు.

సూపరింటెండెంట్ వకుళాదేవి మాత్రం తనిఖీకి వెళ్ళి ఇరుక్కుంది. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. వయసంతా కుర్చీలో గడిచింది, నడుం నొప్పి ఆ కుర్చీ ఇచ్చిన బహుమానం. షెడ్డు రేకులు సరిగా ఉన్నాయో లేదో చూడమని పంపితే వెళ్ళింది.

"ఒక్కసారి ఎక్కండి మేడం," అన్నాడు మస్తాన్‌వలి.

"నేనా? పడితే నా నడుం ఎవరు తెస్తారు?"

"ఇది ఎవురినీ పడెయ్యదు మేడం. పడెయ్యాలంటే గబాల్న కదలాల గదా."

ప్లాస్టిక్ కుర్చీ వేసి, రికాబులో కాలు పెట్టించి, ఎట్లాగో పైకి చేర్చాడు. గుర్రం ఒక అడుగు వేసింది. వకుళాదేవి "అమ్మో" అంది. గుర్రం ఇంకో అడుగు వేసింది. ఆవిడ తల ఎత్తింది. ఆఫీసు ప్రహరీగోడ అవతల సముద్రం ఉందని ఆవిడకు తెలుసు, ఉద్యోగంలో చేరిన రోజునుంచీ దాని హోరు వింటూనే ఉంది. కానీ గోడ మీదుగా చూడటం అదే మొదలు. దిగేటప్పుడు, "రేకులు బాగానే ఉన్నాయి. రేపు మళ్ళీ వచ్చి చూడాలి" అంది.

రోజూ చూసింది. చుడీదారూ బూట్లూ కొనుక్కుంది. జీను మీద నిటారుగా కూర్చోవడం, మోకాళ్ళతో నొక్కి గుర్రానికి దారి చెప్పడం, కళ్ళెం గట్టిగా లాగకుండా ఉండటం నేర్చుకుంది. ఒక ఉదయం తడి ఇసక మీద బిజిలీ తనంతట తానే చిన్న పరుగు అందుకుంటే, వకుళాదేవి కేక పెట్టి నవ్వింది. ఆ రోజు ఆఫీసులో ఎవరినీ కసరలేదు. టైపిస్టు భయపడి ఒంట్లో బాగాలేదా మేడం అని అడిగాడు.

అంతలో ఆడిట్ వచ్చింది.

"గుర్రం ఏ పద్దు కింద తింటున్నది?" అని అడిగాడు ఆడిట్ అధికారి.

అందరూ పద్దులు వెతికారు. జంతువులకు ఒక పద్దు ఉంది, అది వీధికుక్కల్నీ పందుల్నీ పట్టుకొని తరలించడానికి మాత్రమే. వాహనాల పద్దు కింద చూపిద్దామంటే ఉలవల్ని లీటర్లలో రాయాలి. పార్కుల పద్దులో గడ్డి అనే మాట కనిపించి అందరికీ ప్రాణం లేచివచ్చింది గానీ, అది కోయించడానికే తప్ప మేపడానికి కాదని ఆడిట్ అధికారి తేల్చాడు.

కమిషనరు భుజంగరావు కళ్ళు మూసుకొని ఆలోచించాడు. ఏ చిక్కునైనా ఉత్తర్వుగా మార్చగలిగినవాడని ఆయనకు పేరుంది.

"ఈ కార్యాలయంలో ఎవరూ ఏమీ అడక్కుండా నెలనెలా తినగలిగే పద్దు ఒకటే ఉన్నది," అన్నాడాయన కళ్ళు తెరిచి. "జీతభత్యాలు."

"సార్, అది గుర్రం," అంది వకుళాదేవి.

"జూనియర్ అసిస్టెంట్ పోస్టు ఖాళీగా ఉన్నదా లేదా?"

"ఉంది సార్, కానీ..."

"కారుణ్య నియామకం అని రాయండి. మూగజీవి విషయంలో కారుణ్యం అన్న మాటకు ఎవరూ అభ్యంతరం చెప్పజాలరు."

ఆడిట్ అధికారి సంతృప్తి చెంది వెళ్ళిపోయాడు. వకుళాదేవి కూడా పెద్దగా బాధపడలేదు. గుర్రానికి దాణా దొరికింది, తనకు ఉదయం మిగిలింది. ఆ నియామకపు కాగితం తన చేత్తోనే సిద్ధం చేసింది. ఇంటిపేరు లేనిదే కంప్యూటరు తీసుకోనంటే, మునిసిపాలిటీ కదా అని 'ఎం. బిజిలీ' అని కొట్టించింది.

ముఖం చూపించి హాజరు వేసుకునే యంత్రం వకుళాదేవిని వారానికి రెండుసార్లయినా గుర్తుపట్టేది కాదు. బిజిలీని మొదటి చూపులోనే గుర్తుపట్టింది. ఆఫీసులో పొడుగు ముఖాలకు అది బాగా అలవాటు పడి ఉంటుందని ఏసుదాసు అన్నాడు.

కొన్నాళ్ళకు రాజధాని నుంచి కొత్త విధానం దిగింది. ఖాళీగా ఉన్న పై పోస్టులన్నీ ప్రతిభ ఆధారంగా కంప్యూటరే నింపుతుంది. సెలవులు పెట్టనివారు, మెమో అందుకోనివారు, ఫిర్యాదులు లేనివారు, కోర్టుకెక్కనివారు పైకి వెళ్తారు. మెరకపాలెంలో ప్రతి ఉద్యోగి మీదా ఏదో ఒకటి ఉంది. వకుళాదేవికి కూడా, ఒక కౌన్సిలరును నిలబెట్టి మాట్లాడినందుకు పాత మెమో ఉంది. ఏ మచ్చా లేనిది ఎం. బిజిలీ ఒక్కతే. ఆమె సీనియర్ అసిస్టెంట్ అయింది. మరుసటి విడతలో సూపరింటెండెంట్ అయి వకుళాదేవి సరసన నిలిచింది. ఆ పై విడతలో వకుళాదేవిని దాటి అసిస్టెంట్ కమిషనర్ అయిపోయింది. ఆమె గుర్రమని కంప్యూటరుకు తెలియదు. తెలిసినవాళ్ళకు కంప్యూటరును కాదనే అధికారం లేదు.

ఆ ఉత్తర్వు వచ్చిన మర్నాడు వకుళాదేవి ఎప్పటిలాగే షెడ్డుకు వెళ్ళి కుర్చీ మీద కాలు పెట్టింది. మస్తాన్‌వలి కళ్ళెం వదలకుండా తల దించుకున్నాడు.

"ఎక్కబాకండి మేడం."

"ఏం, ఒంట్లో బాలేదా దానికి?"

"దానికి అనకూడదంట. వారికి అనాలంట."

ఆ రోజే కమిషనరు గదికి పిలుపు వచ్చింది.

"వకుళాదేవి గారూ, మీరు అనుభవజ్ఞులు," అన్నాడు భుజంగరావు బాధగా. "క్రింది ఉద్యోగి పై అధికారి ఎదుట కూర్చోవడమే మర్యాద కాదు. అట్టిది, పై అధికారి మీదనే కూర్చోవడం ఏ పరిపాలనా సంప్రదాయం?"

"సార్, అది నిన్నటిదాకా నేను రోజూ ఎక్కిన గుర్రం."

"నిన్నటి సంగతి క్షమించాం. నేటి నుంచి క్రమశిక్షణా చర్య తప్పదు."

"మరి ఊళ్ళోవాళ్ళు?"

"ప్రజలు అధికారుల నెత్తినెక్కరాదనేదే కదా మొదటినుంచీ మన విధానం."

సాయంత్రానికల్లా భాష గురించి సర్క్యులర్ తిరిగింది. ఇకపై 'మేసింది' అనరాదు, 'భోంచేశారు' అనవలెను. 'సకిలించింది' అనరాదు, 'అభిప్రాయం వెలిబుచ్చారు' అనవలెను. పేడ విషయంలో ఏకాభిప్రాయం కుదరక ఆ పేరా ఖాళీగా వదిలేశారు.

బిజిలీని షెడ్డులోంచి మేడ కింద పెద్ద గదిలోకి మార్చారు. ఏసీ పెట్టారు, తలుపుకు పేరు పలక కొట్టారు, పెద్ద బల్లా కుర్చీ వేశారు. ఆమె కుర్చీలో కూర్చోలేదు. అధికారి అంటే అంత నిరాడంబరంగా ఉండాలని సిబ్బంది సమావేశంలో కమిషనరు మెచ్చుకున్నాడు. సోమవారం అర్జీల రోజున ఆమెను కూడా వేదిక మీద నిలబెట్టారు. జనం ఆమెకు డ్రైనేజీ గురించీ, పింఛను గురించీ చెప్పుకున్నారు. మాట్లాడుతుంటే ఫోను చూసుకోకుండా చివరిదాకా వినే అధికారిని ఆ ఊరు అదివరకు ఎరగదు. మిగిలిన బల్లల దగ్గర వరసలు పలచబడ్డాయి.

కానీ పొద్దున్నే ఇసక మీద తిరగడానికి వచ్చిన కోటేశ్వరమ్మను అటెండరు గుమ్మంలోనే ఆపాడు.

"మేడం గారు మీటింగులో ఉన్నారు."

"గుర్రానికి మీటింగేందయ్యా?"

"గుర్రం అనబాకమ్మా, లోపలికి వినపడుద్ది."

"వినపడితే బయటికొచ్చిద్దిలే. బిజిలీ! ఓ బిజిలీ!"

లోపలినుంచి ఒక అభిప్రాయం వెలువడింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. కోటేశ్వరమ్మ కాసేపు నిలబడి, కొంగులో తెచ్చిన బెల్లంముక్క అటెండరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అటెండరు దాన్ని అధికారికి లంచంగా భావించి వెనక్కి పంపాడు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మస్తాన్‌వలికి తగిలింది. మహిళా అధికారిని పురుష సిబ్బంది తాకరాదని అతన్ని షెడ్డు కాపలాకు మార్చారు. ఖాళీ షెడ్డు. మాలిష్‌కూ, డెక్కలు చెక్కడానికీ టెండర్లు పిలిచారు. ఎవరూ వేయలేదు. మళ్ళీ పిలిచారు.

ఈ సంగతులన్నీ వకుళాదేవి చూస్తుండగానే జరిగాయి. సంతకం కోసమని రోజూ ఒక ఫైలు పట్టుకొని ఆ గదిలోకి వెళ్ళేది. మొదట్లో బిజిలీ చెవులు నిక్కించి ఆవిడ భుజం మీద మూతి ఆనించేది. రానురాను తల ఎత్తడం మానేసింది. గచ్చు మీద నిలబడి నిలబడి కాళ్ళు వాచాయి. డెక్కలు పెరిగి అడుగు వంకరగా పడుతోంది. జూలు ఉండలు కట్టింది. ఒకనాడు తొట్టిలో ఉలవలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వకుళాదేవి గుప్పెడు తీసి మూతి దగ్గర పెట్టింది. బిజిలీ వాసన చూసి, ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఆవిడ తిన్నగా కమిషనరు గదికి వెళ్ళింది.

"సార్, తిండి మానేసింది. నాలుగు అడుగులు బయట తిప్పకపోతే చచ్చిపోతుంది."

"తిండి మానేశారు," సరిచేశాడు భుజంగరావు. "బహుశా ఉపవాసం ఏమో. అది వారి వ్యక్తిగత విషయం."

"పోనీ సెలవు ఇప్పించండి."

"సెలవు కోరుతూ వారు దరఖాస్తు చేయలేదే."

"బయటికి తీసుకెళ్ళనివ్వండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"బయటికి వెళ్ళాలంటే పర్యటన కార్యక్రమం ముందుగా పంపాలి. వారు పంపలేదు. నేను మానవతావాదినే వకుళాదేవి గారూ. కానీ నిబంధన అనేది ఒకటి ఉన్నది కదా." అని, ఆయన గొంతు తగ్గించాడు. "పైగా రేపు రీజినల్ డైరెక్టరు గారు తనిఖీకి వస్తున్నారు. ఈ సమయంలో మీరు ఏదీ కదపవద్దు."

ఆ రాత్రి వకుళాదేవి నిద్ర ఎట్లా పోయిందో గానీ, మర్నాడు పొద్దున పట్టుచీర కట్టుకోలేదు. తనిఖీకి అందరూ కట్టుకొచ్చారు. ఆవిడ చుడీదారు వేసుకొని, బూట్లు తొడుక్కొని వచ్చింది. ముందుగా ఖాళీ షెడ్డుకు వెళ్ళింది.

"మస్తాన్, రా నాతో."

"ఉద్యోగం పోద్ది మేడం."

"నీది రోజుకూలీ. నాది కదా ఉద్యోగం. పోతే నాది పోతుంది."

అటెండరు అడ్డం రాబోయి ఆవిడ ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు. గదిలో బిజిలీ తల వేలేసుకొని ఉంది. మస్తాన్‌వలి గొంతు వినగానే ఒక చెవి కదిలింది, తర్వాత రెండోది. ముందు అతను ఒక్కొక్క కాలే ఎత్తించి, జేబులోంచి చాకు తీసి, పెరిగిన డెక్కల్ని చెక్కాడు. "ఏందిరా తల్లీ, ఎట్టా అయిపోయావు" అంటూ మెడ నిమిరాడు. టెండరు లేకుండా ఒక పని పూర్తికావడం అటెండరు నోరు తెరుచుకొని చూశాడు.

"దీన్ని నడిపించుకుపోదాం," అంది వకుళాదేవి.

"ఒట్టిదాన్ని నడిపిస్తే గుమ్మంలో ఆపి లాక్కుపోతారు మేడం. మీరు పైన ఉంటే ఎవురు లాగుతారు?"

నిజమే అనిపించింది. ఆవిడ కుర్చీ మీదనుంచి అధికారి బల్ల మీదికి, బల్ల మీదనుంచి అధికారి మీదికి ఎక్కింది. జీను లేదు. బిజిలీ నిట్టూర్చి, బరువు సర్దుకొని, తలుపువైపు తిరిగింది. మస్తాన్‌వలి తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచాడు.

సరిగ్గా అప్పుడే పోర్టికోలో కారు ఆగింది. రీజినల్ డైరెక్టరు నళినీకాంత్ కారు దిగాడు. భుజంగరావు పూలగుత్తి చాచాడు. వసారాలోంచి డెక్కల చప్పుడు వచ్చింది. పట్టుచీరలూ ఇస్త్రీ చొక్కాలూ రెండు వైపులకూ చీలిపోయాయి. మధ్యలోంచి అసిస్టెంట్ కమిషనరూ, ఆమె వీపు మీద సూపరింటెండెంటూ బయటికి వచ్చారు. బిజిలీ ఒక్క క్షణం ఆగి, కమిషనరు చేతిలో గులాబీల్ని భోంచేశారు.

వకుళాదేవి మోకాళ్ళు బిగించింది. దిగిపొమ్మంటే దిగకూడదని నిశ్చయించుకుంది.

"ఏమిటిది?" అన్నాడు నళినీకాంత్.

భుజంగరావు కాడలు మిగిలిన పూలగుత్తిని చూశాడు. గుర్రాన్ని చూశాడు. కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు.

"మా అసిస్టెంట్ కమిషనరు గారు సర్. ఎం. బిజిలీ. క్షేత్రస్థాయి పర్యటనకు బయలుదేరుచున్నారు."

నళినీకాంత్ ఫోనులో పేరు చూసుకున్నాడు. ఎం. బిజిలీ పేరు జాబితాలో ఉంది, హాజరు నూటికి నూరు ఉంది. కంప్యూటరులో ఉన్నది కళ్ళెదుట కూడా ఉండటం ఆయనకు అరుదైన అనుభవం.

"వాహనం లేదా వీరికి?"

"సొంత వాహనం సర్," అన్నాడు భుజంగరావు. ఆయన నుదుటి మీద చెమట ముత్యాల్లా నిలిచింది. "వారే... వారికి వారే సర్."

"పైన ఉన్నది?"

"సూపరింటెండెంటు సర్. అధికారి వెంట పర్యటించు సిబ్బంది అధికారి వాహనంలోనే ప్రయాణించవలెనని కదా..."

"డీజిలు?"

"చుక్క లేదు సర్."

నళినీకాంత్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "క్రింది ఉద్యోగి భారాన్ని స్వయంగా మోస్తున్న అధికారి," అన్నాడు మెల్లగా. "ఇంత కాలం సర్వీసులో చూడలేదయ్యా భుజంగరావూ. వెళ్ళనివ్వండి, వారిని ఆలస్యం చేయకండి."

మస్తాన్‌వలి గేటు తీశాడు. తడి ఇసక డెక్కలకు తగలగానే బిజిలీ ఆగి, ముక్కుపుటాలు విప్పి గాలి పీల్చుకుంది. తర్వాత, ఏ పనికీ తొందరపడని ఆ గుర్రం, పరుగందుకుంది. వకుళాదేవి రెండు చేతులా జూలు పట్టుకొని ఏడుస్తూ నవ్వుతూ అరిచింది. రొయ్యల షెడ్డు దగ్గర కోటేశ్వరమ్మ చేతిలో గంప పక్కన పడేసి, "బిజిలీ వచ్చిందేవ్!" అని కేకపెట్టింది. షెడ్డు షెడ్డంతా బయటికి వచ్చింది.

ఆ రోజునుంచి బిజిలీ మేడం గారికి ప్రతి ఉదయం క్షేత్ర పర్యటన. వెంట వకుళాదేవి. ప్రజల సమస్యల్ని దగ్గరనుంచి తెలుసుకోవాలి కాబట్టి ప్రజల్ని కూడా వంతులవారీగా ఎక్కించుకొనేవారు. అధికారి ఆరోగ్యం దృష్ట్యా మస్తాన్‌వలి తాకవచ్చునని కూడా ఒక ఉత్తర్వు వెలువడింది. బిజిలీ మళ్ళీ తొట్టి నాకేదాకా తినసాగింది.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ నళినీకాంత్ ఊరికే కళ్ళద్దాలు తుడుచుకొనే మనిషి కాదు. మెరకపాలెం నమూనాను అన్ని పురపాలక సంఘాలకూ వర్తింపజేస్తూ ఆయన ఆదేశం పంపాడు. అసిస్టెంట్ కమిషనరు, అంతకుపైబడిన ప్రతి అధికారీ రోజూ పర్యటించవలెను. ఇంధనం వాడరాదు. తమకు తామే వాహనమై, ఒక క్రింది ఉద్యోగిని మోయవలెను.

భుజంగరావు దాన్ని మూడుసార్లు చదివాడు. వివరణ కోరుతూ రాశాడు. 'ఆదేశము స్వయంవిదితము' అని జవాబు వచ్చింది.

మరుసటి సోమవారం ఉదయం ఇసక మీద రెండు వాహనాలు తిరిగాయి. ఒకటి బిజిలీ, పైన ఏసుదాసు, పక్కన నడుస్తూ వకుళాదేవి. రెండోది కమిషనరు, పైన రెవెన్యూ సూపరింటెండెంటు గోవిందు. గోవిందు లావాటి మనిషి, పైగా మొహమాటస్థుడు. "దిగమంటారా సార్?" అని అడుగుతూనే ఉన్నాడు గానీ, ఫొటో తీసి పంపేదాకా దిగడానికి వీల్లేదు.

మొదటి మలుపు దగ్గరే కమిషనరు ఆగిపోయాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని రొప్పుతూ, పక్కనే నడుస్తున్న మస్తాన్‌వలిని అడిగాడు.

"ఇన్నేళ్ళు... ఎట్లా మోశారయ్యా వీరు?"

మస్తాన్‌వలి జాలిగా చూశాడు.

"మొదట్లో కొంచెం కష్టంగానే ఉంటది సార్. పైన కూర్చున్నోళ్ళు మంచోళ్ళయితే అంత తెలవదు."

అలవాటు కొద్దీ జేబులోంచి గుప్పెడు నానిన శనగలు తీసి, అరచెయ్యి చాపి ఆయన ముఖం ముందు పెట్టాడు. భుజంగరావు అటూ ఇటూ చూశాడు. పై అధికారి భోంచేస్తున్నప్పుడు చూడటం మర్యాద కాదు గనుక, వకుళాదేవి బిజిలీ కళ్ళెం పట్టుకొని మెల్లగా సముద్రంవైపు తిరిగింది.